నఫ్తాలికి గ్రేడు కట్టిన ఉపసంఘం

మిరపకాయకి గ్రేడు కట్టడం నాకు వచ్చు. ముప్పై నాలుగేళ్లుగా అదే పని. యార్డులో టిక్కీ, అంటే మిరప బస్తా, మూతి విప్పి గుప్పెడు కాయ పైకి తీస్తే రంగెంత, తేమెంత, రంగు పోయి తెల్లబారిన తాలు ఎంత అన్నది కళ్లకంటే ముందు వేళ్లు చెప్పేస్తాయి. ఈ విద్య నాకుందని విని, మా విశ్వవిద్యాలయం వారు ఒక నాటకంలోని యూదు వర్తకుడికి గ్రేడు కట్టి పెట్టమని నాకు ఉత్తరం రాశారు.

ఆ సంవత్సరం విశ్వవిద్యాలయం విలువల్లోకి దిగింది. కుర్రకారు చెడిపోతున్నారని, పాఠాల్లో ఎవరు మంచివాళ్లో ఎవరు చెడ్డవాళ్లో తేల్చి చెప్పకపోవడమే దానికి కారణమని పైన ఎవరో కనిపెట్టారు. వెంటనే సర్క్యులర్ వచ్చింది. డిగ్రీ సాహిత్యంలోని ప్రతి పాత్రనూ 'అనుసరణీయం' లేదా 'పరిహరణీయం' అనే రెండు తరగతుల్లో ఒకదానిలో చేర్చాలి. పరీక్షలో పాత్ర పేరిచ్చి పక్కన ఆ వరసలోనే ఎ, బి అని రెండు గళ్లిస్తారు. విద్యార్థి ఒక గడి నింపాలి. దిద్దేది కంప్యూటరు. దానికి మూడో గడి తెలియదు.

నూట నలభై మూడు పాత్రల్ని ఒక్క మధ్యాహ్నంలో తేల్చేశారట. రాజులు, రాణులు, మునులు, ఒక విదూషకుడు, ఒక ఏనుగు, అందరూ సాయంత్రం టీ వేళకి అటో ఇటో సర్దుకున్నారు. మిగిలింది ఒక్కడు, నఫ్తాలి. అతన్ని రేపు చూద్దామని లేచిపోయారు. ఈలోగా ప్రశ్నపత్రం అచ్చయిపోయింది. అయిదు మార్కుల ప్రశ్న నఫ్తాలి మీదే పడింది. మూడు వేల మంది పిల్లలు పరీక్ష రాసేశారు. సరైన జవాబేమిటో విశ్వవిద్యాలయానికే తెలియదు కాబట్టి ఫలితాలు ఆగిపోయాయి.

అప్పుడు 'పాత్ర నైతిక స్థాయి నిర్ధారణ ఉపసంఘం' పుట్టింది. అధ్యక్షులు పరీక్షల నియంత్రణాధికారి డాక్టర్ కోటంరాజు శేషఫణి గారు. సభ్యురాలు ఆ నాటకం పాఠం చెప్పే కాంట్రాక్టు లెక్చరర్ హెలెన్ సుగుణ గారు. పాత్ర వర్తకుడు కనుక వర్తక నిపుణుడు కూడా ఉండాలన్నారు. ఆ కుర్చీలో నన్ను, అంటే పొలిశెట్టి నాగభూషణాన్ని, కూర్చోబెట్టారు.

మొదటి సమావేశంలో సుగుణ గారు నాకోసం కథ చెప్పారు.

"నాలుగొందల ఏళ్ల నాటి నాటకమండి. సముద్రం పక్కన కోట గోడలున్న ఊరు. యూదులు పగలు ఊళ్లో వ్యాపారం చేసుకోవచ్చు. పొద్దుగూకితే గోడ బయటికి పోవాలి. నఫ్తాలికి ఊళ్లో ధాన్యం కొట్టు ఉంది. ఒకసారి ఏదో పుకారు పుట్టి, గోడ బయట యూదుల ఇళ్లు తగలబెట్టారు. నఫ్తాలి కొడుకు ఆ మంటల్లో పోయాడు. మరుసటి నెల శత్రువులొచ్చి ఊరిని చుట్టుముట్టారు. నఫ్తాలి కొట్లో ఉండగానే కోట తలుపులు మూశారు. ఊళ్లో తిండి అయిపోయింది. ధాన్యం ఉన్నది నఫ్తాలి దగ్గరే. ఊరంతా వచ్చి కొట్టు ముందు నిలబడింది. మూడు రోజులు తలుపు తీయలేదు. ఆ మూడు రోజుల్లో ఏడుగురు పిల్లలు చనిపోయారు. నాలుగో రోజు తెల్లారి తలుపు తీశాడు. ఉన్నదంతా పంచాడు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు."

"ధర పెరుగుతుందని ఆపాడా?" అని అడిగాను.

"ధర ఊసే ఎత్తలేదండి."

ధర కోసం గోడౌను మూసేవాళ్లు నాకు బాగా తెలుసు, వాళ్లలో నేనూ ఉన్నాను. ధర అడగకుండా మూసి, ధర అడగకుండా తెరిచిన వర్తకుణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఆ మాటే చెప్పాను.

శేషఫణి గారు కళ్లజోడు సవరించుకున్నారు. "గౌరవ సభ్యులు ఆశ్చర్యమును వ్యక్తపరచుట కొరకు ఈ ఉపసంఘము ఏర్పడలేదు. ఎ నా, బి నా? ఈ నెల ముప్పైన బీఈడీ కౌన్సెలింగ్ ముగియును. అంతకు పూర్వమే నఫ్తాలి ముగియవలెను."

ఇంకో కాగితం కూడా తీశారు. ఉప్పుతోళ్ల దీవెన అనే విద్యార్థిని పెట్టుకున్న అర్జీ. ఆ అమ్మాయి రెండు గళ్లూ ఖాళీగా వదిలేసి మార్జిన్లో ఇలా రాసింది: 'మూడు రోజులు చెడ్డవాడు. నాలుగో రోజు మంచివాడు. అంతకుముందు నెలలో ఊరివాళ్లు ఏమిటన్నది కూడా అడగాలి.' ఆ ప్రశ్నకి సున్నా వేసి, జవాబు పత్రం దుర్వినియోగం చేసినందుకు నోటీసు కూడా ఇచ్చారు. పేపరు మొత్తం మీద ఆమెకి ముప్పై ఒకటి వచ్చాయి. ముప్పై అయిదు వస్తే గట్టెక్కుతుంది. ఆ ఒక్క పేపరు పోతే డిగ్రీ రాదు, డిగ్రీ రాకపోతే బీఈడీ సీటు చేజారుతుంది.

బయటికొస్తే వరండాలో ఆ అమ్మాయే ఉంది. వాళ్లమ్మ మా కోల్డ్ స్టోరేజీ షెడ్డులో తొడిమలు తీస్తుంది.

"ఏమ్మా, ఏదో ఒక గడి నింపితే పోయేదిగా? సగం ఛాన్సన్నా ఉండేది."

"సగం ఛాన్సుకి మీరు సరుకు కొంటారా అండి?"

"కొంటాను. సగం వ్యాపారం అదే."

నవ్వింది. "నింపుదామనే పెన్ను పెట్టానండి. రెండూ అబద్ధమనిపించినయ్. నేను టీచర్నవుదామనుకుంటన్నా. రేపు పిల్లోళ్లు అడిగితే ఏం చెప్పాలి?"

"పిల్లలకి తర్వాత చెప్పొచ్చు. ముందు సీటు రావాలిగా."

"అందుకేగా మీకోసం ఎదురు చూస్తన్నా" అంది. నవ్వు ఆగిపోయింది.

రెండో సమావేశంలో తప్పు నాదే. యార్డులో కాయ మీద తగాదా వస్తే ఏం చేస్తారని శేషఫణి గారు అడిగారు. నేలమీద పోసి, మంచికాయ ఒక పక్క, తాలు ఒక పక్క ఏరి, రెండూ తూకం వేస్తామని చెప్పాను. మాటవరసకి చెప్పింది ఆయన మినిట్సులోకి ఎక్కించేశారు.

మర్నాటికల్లా నఫ్తాలి మాటలన్నీ జిరాక్సు తీసి, కత్తెరతో ఒక్కో డైలాగూ ఒక్కో ముక్కగా కత్తిరించారు. తూకానికి మా కాటా మనిషి షేక్ బాజీని రమ్మన్నాను. బాజీ కాటా పెట్టాడంటే గ్రాము అటూ ఇటూ కాదు. వాళ్లబ్బాయి కరీముల్లా కూడా ఆ పరీక్షే రాశాడు.

"మీవాడు ఏ గడి నింపాడు బాజీ?"

"పక్కనోడు ఏది నింపితే అది నింపాడంట సావుకారు గారూ. ఆ పక్కనోడు ఏది నింపాడో ఈడికి ఇప్పుడు గుర్తు లేదు."

మేం ముగ్గురం కూర్చుని ముక్కలు ఏరాం. 'మీ పిల్లల ఏడుపు నాకు వినబడటం లేదు' అన్నది చెడ్డ కుప్పలోకి. 'నా రొట్టె సగం ఆ ముసలామెకి ఇవ్వండి' అన్నది మంచి కుప్పలోకి. 'ఆ బస్తా ఇటు జరపండి', 'వాన వచ్చేలా ఉంది', 'ఎవరది?' లాంటివి ఏ కుప్పలోనూ పడక మూడోది తయారైంది. బాజీ తూచాడు. మంచి నలభై ఒక్క గ్రాములు, చెడు యాభై ఎనిమిది. మూడో కుప్ప తొంభై ఆరు.

"మనిషి మాట్లాడేదంతా ఎక్కువ ఇదేనండి" అన్నాడు బాజీ, మూడో కుప్ప చూసి.

"నిబంధనలలో లేని కుప్ప పరిగణనకు రాదు" అన్నారు శేషఫణి గారు. "పాత్ర పరిహరణీయము. బి."

సుగుణ గారు చెయ్యెత్తారు. "సార్, నాలుగో రోజు నఫ్తాలి ఒక్క మాట కూడా మాట్లాడడు. తలుపు తీస్తాడు, అంతే. పుస్తకంలో 'తలుపు తెరుచును' అని బ్రాకెట్లో ఉంటుంది. అది డైలాగు కాదని మనం కత్తిరించలేదు."

"పాత్ర నోటి వెంట వెలువడినదే పాత్రది. బ్రాకెట్లో ఉన్నది రచయితది."

"తలుపు తీసింది రచయితా సార్?"

"మేడమ్, మీ కాంట్రాక్టు రెన్యువల్ జూలైలోనే కదూ?" అని ఆయన మృదువుగా అడిగారు. మేడమ్ చెయ్యి దించుకున్నారు.

భోజనాలయ్యాక, సంతకాలకి ముందు మరోసారి తూచమన్నాను. తూకం తీసి వెంటనే సంతకం పెట్టే అలవాటు నాకు లేదు. ఈసారి మంచి అరవై గ్రాములు వచ్చింది, చెడు అలాగే ఉంది. నఫ్తాలి భోజనాల టైములో మంచివాడైపోయాడు. బాజీ పైకి చూశాడు. ఏసీ నుంచి చుక్కా చుక్కా నీళ్లు సరిగ్గా మంచి కుప్ప మీదే పడుతున్నాయి.

"తేమ పట్టిందండి. ఆరబెడితే తగ్గిద్ది."

శేషఫణి గారు దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. మంచితనంలో ఎంత శాతం తేమను అనుమతించవచ్చో తెలుపవలసిందిగా ఒక పరిశోధన కేంద్రానికి రాశారు. మిరపకాయకైతే పదకొండు శాతం దాటకూడదని, మంచితనానికి ఇంకా ప్రమాణాలు ఖరారు కాలేదని జవాబు వచ్చింది. దీనికి నాలుగు రోజులు పట్టింది.

ఇక మిగిలింది బాధిత వర్గ ప్రతినిధి అభిప్రాయం. మా జిల్లాలో కొన్ని తెలుగు యూదు కుటుంబాలున్నాయి. వాళ్లలో ఎజ్రా గారని, మోటార్లకి వైండింగ్ చేసే ఆయన్ని జీపులో తీసుకొచ్చారు. అరవై ఏళ్లుంటాయి. చేతులకి గ్రీజు కూడా కడుక్కోనివ్వలేదు.

"నఫ్తాలి విషయమై మీ సముదాయపు వైఖరి ఏమి?" అన్నారు శేషఫణి గారు.

"వైఖరా? వాన పడక ఊరందరి మోటార్లూ ఒక్కసారే కాలినయ్. ఎవరిది ముందు చుట్టాలన్న దాని మీదే మా వాడకట్టులో వైఖరి కుదర్లేదు సార్."

"అతడు మీవాడు కదా?"

"మా చుట్టాల్లో ఆ పేరు లేదే. ఆయన మంచోడని మీరు తేలిస్తే మాకేమన్నా ఇస్తారా? చెడ్డోడంటే మా కరెంటు పీకేస్తారా? రెండూ లేనప్పుడు నన్నెందుకు లాక్కొచ్చారు?"

సుగుణ గారు ఆయనకి కథంతా చెప్పారు. ఎజ్రా గారు గ్రీజు చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నారు.

"చచ్చిపోయిన ఏడుగురు పిల్లలకీ పేర్లున్నాయా అమ్మా పుస్తకంలో?"

"ఉన్నాయండి. ఏడుగురికీ ఉన్నాయి."

"మంటల్లో పోయిన ఆయన కొడుక్కి?"

సుగుణ గారు పుస్తకం తిరగేశారు. "లేదండి. 'కొడుకు' అనే ఉంది."

"అయితే ముందు ఆ రాసినాయనకి కట్టండి సార్ గ్రేడు" అని ఎజ్రా గారు లేచారు. "నన్ను పట్టుకొచ్చి ఒక పూట పని చెడగొట్టారని మాత్రం కాగితం మీద రాసివ్వండి. మా ఆవిడ నమ్మదు."

'ప్రతినిధి పాత్రతో బంధుత్వమును నిరాకరించిరి' అని శేషఫణి గారు రాసుకున్నారు.

ఇరవై ఆరో తారీఖున ఆఖరి సమావేశం. శేషఫణి గారు తీర్మానం ముందే టైపు చేయించి తెచ్చారు. నఫ్తాలి ఏ తరగతిలోనూ ఇమడక పరిపాలనకు ఆటంకం కలిగిస్తున్నాడు కాబట్టి అతన్ని నాటకం నుంచి ఉపసంహరించడమైనది.

"మరి కొట్టు తలుపు ఎవరు తీస్తారు సార్?" అన్నారు సుగుణ గారు.

"దానంతట అదే తెరుచుకొనును. సాహిత్యములో అటువంటి స్వేచ్ఛ ఉన్నది."

"ఆ ఏడుగురు పిల్లలు?"

"వారు యథాతథముగా మరణింతురు."

పాత్రే లేదు కాబట్టి ప్రశ్న రద్దు. ప్రశ్న రద్దయింది కాబట్టి, ఎ నింపినా బి నింపినా, 'ప్రయత్నించిన' వారందరికీ అయిదుకి అయిదు. గడి నింపనివారు ప్రయత్నించనివారు, వారికి సున్నా. మూడు వేల మందిలో ఏ గడీ నింపనిది ఒక్కరే. కథ చదివి ఆలోచించిన ఆ ఒక్కతే తప్పింది. పక్కనోడి గడి చూసి నింపినవాళ్లందరూ గట్టెక్కారు.

తీర్మానం చెల్లాలంటే ముగ్గురి సంతకాలూ కావాలి. శేషఫణి గారు పెట్టారు. సుగుణ గారు నావైపు చూడకుండా పెట్టారు. నేను పెన్ను జేబులో పెట్టుకున్నాను.

"ఆ అమ్మాయి మార్జిన్లో రాసింది ప్రయత్నం కాదా అండి?"

"మార్జిను జవాబు పత్రములో భాగము కాదు."

"భాగం కాకపోతే, అక్కడ రాసినందుకు జవాబు పత్రం దుర్వినియోగమని నోటీసు ఎలా ఇచ్చారు? నోటీసు తప్పా, సున్నా తప్పా? ఏదో ఒకటి తేల్చి కాగితం ఇవ్వండి. అప్పుడు పెడతాను."

నేను లేచి నా కొట్టుకి వచ్చేశాను. సరుకు నా చేతిలో ఉన్నంతసేపే నా మాటకి విలువ. ఆ వేళ నా దగ్గరున్న సరుకు ఒక్క సంతకం.

మొదటి రోజు ఫోన్లు వచ్చాయి. "విద్యార్థి లోకపు భవిత మీ కలముపై ఆధారపడి యున్నది" అన్నారు శేషఫణి గారు. ఆ కలం మీ నోటీసు మీద ఆధారపడి ఉందని చెప్పి పెట్టేశాను.

రెండో రోజుకి సంగతి బయటికి పొక్కింది. పదింటికల్లా కొట్టు ముందు జనం. "ఈయనేనంట ఆపింది!" "మూడు వేల మంది ఉసురు పోసుకుంటావా?" ఒకావిడ గుమ్మం దాకా వచ్చి, "నీకు పిల్లల్లేరా?" అంది. ఉన్నారు. చిట్టా పుస్తకం తిరగేశాను. ఒక విషయం దాచకుండా చెప్పాలి. మొదటి రోజు దీవెన కోసమే ఆపాను. రెండో రోజు, ఇన్నాళ్లూ నా మాట మినిట్సులో రాసుకోవడమే తప్ప వినని పెద్దమనుషులు నా గుమ్మం దగ్గర నిలబడితే, నాకు బాగుంది. పెట్టెయ్యొచ్చు అనిపించిన క్షణంలో కూడా పెన్ను తియ్యలేదు.

మూడో రోజు దీవెనే వచ్చింది.

"పెట్టెయ్యండి సార్. మా హాస్టల్లో పిల్లలు నాతో మాట్లాడటం మానేశారు. నా ఒక్కదాని కోసం ఇంతమందినా?"

"నీ కోసమే అనుకోకమ్మా" అన్నాను. అది నిజం. కాకపోతే ఆమెని ఊరడించడానికి అన్నట్టు అన్నాను.

కాటా దగ్గర బాజీ టిక్కీ దించుతూ, తల తిప్పకుండా అడిగాడు. "ఇంకెన్నాళ్లు సావుకారు గారూ?"

"తెలీదు బాజీ."

"మావోడు రిజల్టు ఎప్పుడొచ్చిద్దో తెలీక చెన్నై లారీ ఎక్కి పోయాడు, క్లీనరుగా. ఇంటో కూర్చోలేకపోయాడు."

నాలుగో రోజు, అంటే ఇరవై తొమ్మిది పొద్దున, కాగితం వచ్చింది. 'మార్జిను సైతం జవాబు పత్రమే. అందు రాయుట ప్రయత్నమే. నోటీసు ఉపసంహరించడమైనది.' అక్కడికక్కడే సంతకం పెట్టాను. సాయంత్రానికి ఫలితాలొచ్చాయి. దీవెనకి ముప్పై ఆరు. మర్నాడు పొద్దున ఆరింటికే కౌన్సెలింగ్ కౌంటరు ముందు నిలబడి సీటు తెచ్చుకుంది. వాళ్లమ్మ షెడ్డులో అందరికీ టీ పోయించింది.

దూరాన ఉన్నవాళ్లు పదకొండు మంది ఒక్క రోజులో సర్టిఫికెట్లు తెచ్చుకోలేక సీట్లు పోగొట్టుకున్నారు. అందులో కరీముల్లా ఒకడు. ఒకటో తారీఖున లారీ దిగి, వాళ్లమ్మకని డ్రైవరు ఇచ్చిన మల్లెపూల పొట్లంతో ఇంటికొచ్చాడట.

బాజీ ఒక్క రోజు కూడా పని మానలేదు. నేనే ఉండబట్టలేక అడిగాను. "నా మీద కోపంగా ఉందా?"

"లేదండి. మీరు చేసింది మంచి పనే." కాటా మీది దుమ్ము గుడ్డతో తుడిచాడు. "మావోడికి కాదు, అంతే."

సెప్టెంబరులో విశ్వవిద్యాలయం అటెండరు మా కొట్టుకి వచ్చాడు. కవర్లో రెండు ఉత్తరాలున్నాయి. మొదటిది అభినందన పత్రం. ఒక విద్యార్థిని న్యాయం కోసం సూత్రబద్ధంగా నిలబడి, విశ్వవిద్యాలయ గౌరవాన్ని పెంచినందుకు. రెండోది సంజాయిషీ నోటీసు. సంతకం మూడు దినములు నిలిపి, పదకొండు మంది విద్యార్థుల భవితకు భంగం కలిగించినందుకు. రెండింటి మీదా ఒకే తేదీ, కింద శేషఫణి గారి ఒకే సంతకం. రెండూ రెండుసార్లు చదివాను. ఏ ఒక్కదాంట్లోనూ తప్పు పట్టడానికి నాకు మాట దొరకలేదు.

అటెండరు ముట్టినట్టు రాసివ్వమని రసీదు చాపాడు.

"ఉత్తరాలు రెండున్నాయిగా, రసీదు ఒక్కటే తెచ్చావేం?"

"మనిషి ఒక్కరేగా సార్" అన్నాడు.

సంతకం పెట్టాను.